ప్రార్థన చీటీలో రైలు టైము

మా వాడు ఆర్మీలో చేరతానన్న రోజు నుంచి పది రోజులు నేను వాడితో మాట్లాడలేదు. అంటే నోరు మూసుకుని కూర్చున్నానని కాదు. వాళ్ల నాన్నతో మాట్లాడుతున్నట్టు వాడికి వినపడేలా అన్నీ అన్నాను. "ఒక్కగానొక్క కొడుకండీ. వట్లూరులో మన చుట్టూ ఇన్ని కాలేజీలున్నాయి, డిగ్రీ పూర్తి చేసి ఏదో ఒకదాంట్లో ల్యాబ్ అసిస్టెంటుగా చేరినా బతకడా? తుపాకీయే పట్టుకోవాలా?" అని. మా ఆయన కొల్లేటికోట మనిషి. చేపల చెరువుల దగ్గర సూపర్‌వైజరు. పొద్దున్నే గట్టు మీదికి పోతే పొద్దుగూకాకే రావడం. ఏ మాటకైనా "చూద్దాంలే" అనడమే ఆయనకి తెలుసు. ఆ చూద్దాంలే వినీ వినీ నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

నేను ఏలూరులో ఒక ఎయిడెడ్ స్కూల్లో టీచర్ని. ఏళ్ల తరబడి పిల్లల మీద అరిచి అరిచి, మామూలుగా మాట్లాడినా నా గొంతు పక్కింటికి వినపడుతుంది. "నీ నోట్లో నువ్వుగింజ నానదే" అంటారు మా ఆయన. ఆ మాటకి నాకు కోపం వస్తుంది గానీ, అబద్ధమని ఎప్పుడూ అనలేకపోయాను.

వాడు నా మాట వినలేదు. తాడేపల్లిగూడెంలో గది తీసుకుని అక్కడి పాత రన్‌వే మీద రోజూ పరిగెత్తాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే అది. ఇప్పుడు దాని మీద నడకకి వచ్చే పెద్దవాళ్లూ, కారు నేర్చుకునేవాళ్లూ, ఆర్మీ సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్లూ కనిపిస్తారు. అక్కడే వాడికొక స్నేహితుడు దొరికాడు. గూడెం పక్క ఊళ్లో వరి పండించే రైతుల అబ్బాయి. ఇద్దరూ ఒకే ర్యాలీలో ఎంపికయ్యారు, ఒకే శిక్షణ క్యాంపుకి వెళ్లారు, ఒకే కంపెనీలో పడ్డారు. ఆ అబ్బాయి తల్లిని నేను గూడెం వదినగారు అంటాను. మనిషి బంగారం. నేను పది మాటలు మాట్లాడితే ఆవిడ "ఆయ్, అంతేనండి" అని ఒక్కటి అంటుంది.

ఆ క్యాంపు ఉత్తరాన ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ బుద్ధి ఇప్పటికి వచ్చింది నాకు. ఆదివారం సాయంత్రం ఒక గంట మాత్రం పిల్లల చేతికి ఫోన్లు ఇచ్చేవాళ్లు. ఆ గంటలో వాడి నోటి వెంట విని నేను సైన్యం అంతా నేర్చుకున్నాను. కొంతమంది కలిస్తే సెక్షను, సెక్షన్లు కలిస్తే ప్లటూను, ప్లటూన్లు కలిస్తే కంపెనీ, వాటన్నిటినీ కలిపితే బెటాలియను. వాడిది ఏ కంపెనీయో ఏ ప్లటూనో స్కూలు డైరీ వెనక పేజీలో రాసుకున్నాను. శిక్షణ అయిపోయి ప్రమాణం చేసే పరేడుకి నేనూ గూడెం వదినగారూ కలిసి రెండు రోజులు రైల్లో వెళ్లాం. గీత మీద వాళ్ల వాడు, బైబిలు మీద మా వాడు చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తుంటే ఇద్దరం ఒకే చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నాం. ఆవిడ తన కొంగు మర్చిపోయి నాది లాక్కుంది లెండి.

ఇక నెల రోజుల సెలవు మీద ఇంటికి రావాలి. నేను కొరమీను పులుసు దగ్గర నుంచి దుప్పట్ల దాకా అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆ వారంలోనే సరిహద్దులో యుద్ధం మొదలైంది. సెలవులన్నీ రద్దు.

ఆ ఆదివారం వాడి గొంతు వేరేగా ఉంది.

"అమ్మా, మా బారకులు ఖాళీ చేయించేశారు. బయటి నుంచి యూనిట్లు వచ్చి దిగుతున్నాయి. ఫిరంగుల వాళ్లు, సిగ్నల్స్ వాళ్లు, ఫీల్డు హాస్పిటల్ వాళ్లు. మేం గ్రౌండులో టెంట్లలో ఉంటున్నాం."

"వాళ్లంతా ఎక్కడికి వెళ్తార్రా?"

"అది అడక్కూడదు."

"మరి మీరో?"

వాడు ఎవరికో "వస్తున్నా" అని కేకేశాడు. తర్వాత, "ఇకనుంచి ఫోన్లుండవమ్మా. ఆఫీసు ఫోనులో ఎప్పుడైనా రెండు నిమిషాలిస్తారు. నువ్వు నన్నేం అడగద్దు, నేనేం చెప్పను. సరేనా?" అన్నాడు. సరేనన్నాను. మా వాడు మాట మీద నిలబడ్డాడు. ఆ తర్వాత చేసిన రెండుసార్లూ అన్నం తిన్నావా, నాన్న ఎలా ఉన్నారు అనే తప్ప ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

నాకు మాత్రం ప్రాణం కుదుటపడితే ఒట్టు. టీవీ పెడితే అరుపులు, ఆపితే ఇంకా భయం. క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయేదాన్ని. పిల్లలు "టీచర్, తర్వాతండీ?" అంటే ఎక్కడున్నానో తెలిసేది కాదు. కొత్తగా శిక్షణ పూర్తయినవాళ్లని పంపరులే అని కొందరు, మనుషులు తక్కువైతే ముందు వాళ్లనే పంపుతారని కొందరు. రెండో మాట అన్నవాళ్ల మొహం మళ్లీ చూడకూడదనిపించేది.

శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుంటే గూడెం వదినగారి ఫోను వచ్చింది.

"వదినగారూ, ఒక్కరే ఉన్నారాండీ?"

"ఏమైందండీ?"

"కంగారు పడకండేం. మా వాడు క్యాంటీన్లో ఎవరి ఫోనో అడిగి చేశాడండి. మన పిల్లల ప్లటూనుని పంపేస్తున్నారంటండి. గురువారం సాయంత్రం ఆరింటికి రైలట. ఇద్దరి పేర్లూ ఉన్నాయటండి." ఎక్కడికో కూడా చెప్పింది. టీవీలో రోజూ చూపిస్తున్న ఊరే. "మీతో తప్ప మా ఇంట్లో ఆయనతో కూడా అనలేదండి. ఎవరితో చెప్పకండేం. మా వాడికి మాటొస్తుంది."

"అయ్యో, నేనెందుకు చెబుతానండీ" అన్నాను. నిజంగా అనుకునే అన్నాను ఆ మాట. ఆ రోజు ఇంటికి వెళ్లాక మా ఆయనతో మాత్రం చెప్పాను. ఆయన లుంగీ అంచు చేత్తో నలుపుతూ కూర్చుండిపోయారు. చూద్దాంలే అని కూడా అనలేదు.

ఇక్కడ మా ఇళ్లల్లో ఒక అలవాటు గురించి చెప్పాలి. మా అమ్మ మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసింది. రోగుల కోసం ప్రార్థన చేస్తే వార్డు పేరు, మంచం నంబరు, ఏ పక్క నొప్పో కూడా చెప్పి చేసేది. "దేవుడికి తెలీదా అమ్మా?" అని అడిగితే, "ఆయనకి తెలుసు. మనం మనసు పెట్టి అడుగుతున్నామో లేదో చూస్తాడు" అనేది. మా చర్చి సంఘంలో అందరూ అంతే. ఆదివారం ఆరాధనకి ముందు గుమ్మం దగ్గర పెట్టెలో ప్రార్థన చీటీలు వేస్తాం. పరీక్షలకైతే హాల్ టికెట్ నంబరు, ఆపరేషనుకైతే ఏ రోజు ఎన్నింటికో, కువైట్ వెళ్లేవాళ్లకైతే విమానం నంబరు. పాస్టరు అయ్యగారు ఒక్కో చీటీ మైకులో చదువుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. వివరం లేకుండా "నా కొడుకు కోసం ప్రార్థించండి" అని ఊరికే రాస్తే మాకు అది ప్రార్థనలాగే అనిపించదు.

శనివారం సాయంత్రం బల్ల ముందు కూర్చుని రాశాను. మా వాడి పేరు, కంపెనీ, ప్లటూను, క్యాంపు ఉన్న ఊరు, గురువారం సాయంత్రం ఆరు గంటల రైలు, దిగే చోటు. గూడెం వదినగారి సంగతి గానీ వాళ్ల అబ్బాయి సంగతి గానీ ఎక్కడా రాయలేదు. ఎవరితో చెప్పనన్నాను కదా అనే ఆలోచన రాకపోలేదు. దేవుడితో చెప్పడం ఎవరితోనో చెప్పడమెలా అవుతుంది అనుకున్నాను. డైరీ తెరిచి ప్లటూను నంబరు తప్పు పోకుండా చూసి మరీ రాశాను. టీచర్ని కదా మరి!

ఆదివారం అయ్యగారు ఆ చీటీ చదివారు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. నిజం చెప్పొద్దూ, ఆ ఏడుపులో కూడా నాకు కొంచెం గర్వంగా అనిపించింది. మొత్తం సంఘం మోకాళ్ల మీదికి వెళ్లి మా వాడి కోసం ప్రార్థన చేసింది. ఎన్నో రోజుల తర్వాత నా గుండె తేలికపడింది.

ఆరాధన అయిపోయి చెప్పులేసుకుంటుంటే మా సంఘంలో ఉన్న రిటైర్డు హవల్దారుగారు నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చారు.

"టీచరుగారూ, ఎంత పని చేశారండీ! పటాలం ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పించేశారేంటండీ?"

"గుళ్లోనే కదండీ..."

"గుళ్లోనేంటండీ? లైవు వస్తోందండి! ప్రపంచమంతా చూస్తుందండి అది!"

అప్పుడు చూశాను, అయ్యగారు నిలబడి చదివే బల్ల ఎదురుగా స్టాండు మీద ఉన్న కెమెరాని. కరోనా రోజుల్లో పెట్టారు దాన్ని. ఏళ్లుగా ప్రతి ఆదివారం దాని పక్క నుంచే వెళ్లి కూర్చుంటున్నాను. ఒక కాలి చెప్పుతోనే అయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. అయ్యగారు పాపం వెంటనే ఆ వీడియో తీయించేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. సంఘంలోని ఒకావిడ అప్పటికే ఆ ముక్క కత్తిరించి, "మన ఏలూరు బిడ్డ కోసం ప్రార్థించండి" అని నాలుగైదు గ్రూపుల్లో పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని నేను పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో!

సోమవారం పొద్దున్నకల్లా అది క్యాంపు పిల్లల తల్లిదండ్రుల గ్రూపులోకి వచ్చేసింది. గూడెం వదినగారు ఫోను చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"వదినగారూ, మా వాడి పేరు ఎక్కడైనా వచ్చిందాండీ అందులో?"

"లేదండీ. ఒట్టండీ. నన్ను క్షమించండి వదినగారూ."

"పోనీలెండి. మీరు మాత్రం కావాలని చేస్తారాండీ," అని పెట్టేసింది. ఆ రోజంతా నేను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. స్కూలుకి వెళ్లలేదు. మా ఆయన చెరువుకి వెళ్లలేదు. నా బిడ్డని నేనే ఏ గోతిలోకి తోశానో, ఆ రైలుకి ఏమవుతుందో, ఆ రైల్లో ఉన్న మిగతా తల్లుల పిల్లలకి ఏమవుతుందో. అదే ఆలోచన.

మంగళవారం మధ్యాహ్నం ఫోను మోగింది. క్యాంపు నుంచి. సుబేదారునని చెప్పాడు ఆ మనిషి. హిందీలో మాట్లాడాడు. నాకు హిందీ బాగానే వచ్చు. కోపంగా ఏమీ లేడు, నెమ్మదిగానే అడిగాడు. రైలు టైము మారిపోయిందనీ, దాని గురించి నేను దిగులు పడనక్కర్లేదనీ చెప్పాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"ఈ వివరాలు మీకు మీ అబ్బాయి చెప్పాడా? అతను చెప్పలేదంటున్నాడు. మీరు తల్లి, మీరు చెప్పండి. అతనే చెప్పి ఉంటే అతని పేరు జాబితాలోంచి తీసేస్తాం. విచారణ అయ్యేదాకా ఇక్కడే ఉంటాడు. చెప్పకపోతే మిగతావాళ్లతో పాటే వెళ్తాడు."

చెప్పలేదు సార్ అనాలి. రెండు మాటలు. అదే నిజం కూడా. నా నోటి దాకా వచ్చింది. ఇక్కడే ఉంటాడన్న మాట మాత్రం నా చెవిలోంచి పోవడం లేదు.

"అమ్మా, వింటున్నారా? అతనే చెప్పాడా?" అని మళ్లీ అడిగాడు. నేను మాట్లాడలేదు. బతుకంతా ఆగకుండా వాగిన దాన్ని, ఆ ఒక్క నిమిషం నోరు విప్పలేదు. ఆయన "అర్థమైంది" అని పెట్టేశాడు.

మా ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నారు. స్పీకరు పెట్టి ఉంది ఫోను. ఆయనకీ ఆ పాటి హిందీ అర్థమవుతుంది.

"వాడు చెప్పలేదుగా," అన్నారు.

"లేదు."

"మరి ఆ మాట అనవేం?"

"గూడెం అబ్బాయి పేరు బయటికి వస్తుందనండీ! ఎవరు చెప్పారని అడిగితే ఏం చెప్పను?" అని ఆయన మీద అరిచాను. ఆయన నా మొహంలోకి చూశారు. వెళ్లి గుమ్మం బయట కూర్చున్నారు.

ప్లటూను బుధవారమే కదిలిపోయింది. ఆ సంగతి మాకు శుక్రవారం మా వాడు ఫోను చేస్తే తెలిసింది.

"అందరూ కిట్టు బ్యాగులేసుకుని స్టేషనుకెళ్లే లారీలెక్కుతుంటే నా పేరు పిలవలేదమ్మా. నేను కూడా బ్యాగు సర్దుకునే నిలబడ్డాను. పక్కకి రమ్మన్నారు." వెక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. చిన్నప్పుడు కూడా అంత ఏడవలేదు వాడు. నేను "ఊరుకో నాన్నా, ఊరుకో" అన్నాను. ఫోను పెట్టేశాక వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుని, గ్యాసు బండ పక్కన మోకరించి దేవుడికి స్తోత్రాలు చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను. అంత సంతోషం వాడు పుట్టిననాడు కూడా లేదేమో.

శనివారం పాసింజరెక్కి గూడెం వెళ్లాను. వెళ్లకపోతే మనిషినే కాదనిపించింది. వదినగారు వాకిట్లోనే ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

"మీ వాడు నోరు విప్పలేదటండీ. ఎవరు చెప్పారో తెలిసి కూడా మా వాడి పేరు చెప్పలేదట. మా వాడు లారీ ఎక్కే ముందు ఫోను చేసి ఏడ్చాడండి. ఈ రుణం ఎలా తీర్చుకుంటామండీ?" అని, నన్ను కూర్చోబెట్టి పప్పూ, బీరకాయ కూరా వేసి అన్నం పెట్టింది. సుబేదారు ఫోను సంగతి చెప్పాలనుకునే వెళ్లాను. ఆవిడ కొడుకు వెళ్లాడు, నా కొడుకు వెళ్లలేదు. ఏ మొహంతో చెప్పను? మంచినీళ్లు తాగి లేచి వచ్చేశాను. ఆ తర్వాత రోజూ ఫోను చేసి, ఏమైనా తెలిసిందాండీ అని ఆవిడ కంటే ముందు నేనే అడిగేదాన్ని. వాళ్ల వాడికేమైనా అయితే నేను బతకగలనా అని ఒకటే భయం. మా వాడు క్షేమంగా ఉన్నాడన్న సంతోషం ఆ భయంలో పడి ఎటు పోయిందో తెలియదు.

దేవుడు చల్లగా చూశాడు. కొద్ది రోజులకే కాల్పులు ఆగిపోయాయి. గూడెం అబ్బాయి ఒక వంతెన దగ్గర కాపలా కాశాడట, తుపాకీ పేల్చే పని పడలేదట. అందరూ క్షేమం. విచారణలో మా వాడి తప్పేమీ తేలలేదు గానీ, వాడి జతవాళ్లంతా వెళ్లిపోయిన క్యాంపులో కొత్తగా వచ్చిన పిల్లల మధ్య రెండు నెలలు గిన్నెలు కడిగించారు, కందకాలు తవ్వించారు. వానలు మొదలయ్యాక సెలవిచ్చారు.

వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం కొరమీను పులుసుతో అన్నం పెట్టాను. సగం తిన్నాక తల ఎత్తకుండానే అడిగాడు.

"సుబేదార్ సాబ్ నీకు ఫోను చేశాడట కదమ్మా."

"చేశాడు."

"నీ తల్లే కాదనలేదు అన్నాడు నాతో. నిజమేనా?"

"నీ స్నేహితుడి పేరు బయటికొస్తుందని..."

"వాడి పేరు ఆయన అడగలేదమ్మా. నేను చెప్పానా లేదా అనే అడిగాడు."

వాళ్ల నాన్న పక్కనే తింటున్నారు. చెయ్యి ఆగిపోయింది ఆయనది. అబద్ధం ఇంకొకటి ఆడదామని చూశాను. నా వల్ల కాలేదు.

"చీటీ పొరపాటురా. తెలియక చేశాను. అది మాత్రం తెలిసే చేశాను. ఇక్కడే ఉంటాడన్నాడు ఆయన. నువ్వు ఉంటే చాలనుకున్నాను. మళ్లీ అడిగినా మళ్లీ అలాగే ఊరుకుంటాను."

"వాళ్లంతా లారీల్లోంచి నన్ను ఎలా చూశారో నీకు తెలీదమ్మా," అన్నాడు. కోప్పడలేదు. పళ్లెంలో ఉన్నదంతా తిన్నాడు, పళ్లెం తనే కడిగి పెట్టాడు. ఉన్న మిగతా రోజులు నవ్వుతూనే తిరిగాడు, గూడెం వెళ్లి వదినగారిని చూసి వచ్చాడు, నాకు బజారు నుంచి కూరలు తెచ్చిపెట్టాడు. వెళ్లేటప్పుడు కాళ్లకి దండం పెట్టి మరీ వెళ్లాడు. ఆదివారం ఆదివారం ఫోను కూడా చేస్తాడు.

కొత్త యూనిట్‌లో చేరి ఇప్పటికి అయిదు నెలలైంది. అది ఎక్కడుందో వాళ్ల నాన్నకి చెప్పాడు. నాతో మాత్రం అనొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాడట.